చేత్తో ఎత్తుకున్న పాట

చిట్కుల్‌లో మేము ఆరాధనకు వెళ్లే మందిరం ఒక రేకుల షెడ్డు. అంతకుముందు అందులో ఎవరో సిమెంటు ఇటుకలు పోసేవారట. గోడలకు సున్నం వేసి, ముందు భాగంలో ఒక మెట్టు ఎత్తున గద్దె కట్టి, దాన్నే మందిరం చేసుకున్నాం. వాన పడితే రేకుల మీది మోతకు పాస్టర్ గారి ప్రసంగం ఎవరికీ వినపడేది కాదు. ఆయన మాట ఆపి నా వైపు చూసేవారు. నేను లేచి పాట ఎత్తుకునేదాన్ని. వెనక చెప్పులు విడిచే చోట కూర్చున్నవాళ్లకు కూడా నా గొంతు చేరేది. మైకు ఉండేది కానీ నాకు దానితో పని పడలేదు.

నేను పుట్టింది జోగిపేట దగ్గరి పల్లెలో. తాతల కాలం నుంచీ క్రైస్తవులం. మా నాయన వరి కోస్తూ కూడా పాడేవాడు. ఆయన గొంతే నాకు వచ్చిందని అమ్మ అంటుండేది. పెళ్లయ్యాక పని కోసం ఇటు వచ్చాం. మా ఆయనకు ఇస్నాపూర్ దగ్గర పైపుల కంపెనీలో షిఫ్టు పని దొరికింది. నేను మందుల కంపెనీలో ప్యాకింగ్‌కు చేరాను. ఆయన పెళ్లికి ముందు చర్చి గడప తొక్కిన మనిషి కాదు. మొదట్లో నా కోసం వచ్చి తలుపు పక్కన కూర్చునేవాడు. ఎవరూ పట్టుబట్టకుండానే, మెల్లమెల్లగా, నమ్మకంలోకి వచ్చాడు. నోరు తెరిచి పాడింది మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

నా మెడ మీది గడ్డను మొదట చూసింది నేను కాదు. ప్యాకింగ్ లైన్‌లో నాకు ఎదురుగా నిలబడి అట్టపెట్టెలు మడిచే అమ్మాయి చూసింది.

"అక్కా, నీ మెడ మీద గదేంది? నిమ్మకాయంత ఉన్నది" అంది.

తడిమి చూసుకున్నాను. నిజమే. మింగితే పైకీ కిందికీ కదిలింది. పరీక్షలు అయ్యాక, అది థైరాయిడ్ గడ్డ అని, తీసేయడమే మంచిదని డాక్టరమ్మ చెప్పింది. గొంతును నడిపే నరం ఆ గడ్డకు ఆనుకునే ఉందని, ఎంత జాగ్రత్తగా చేసినా దానికి దెబ్బ తగిలే అవకాశం ఉందని కూడా ముందే చెప్పింది. నేను తలూపాను. అది నాకు జరుగుతుందని అనుకోలేదు.

ఆపరేషన్ తర్వాత మెలకువ వచ్చి, మా ఆయనను నీళ్లు అడగబోయాను. పెదాలు కదిలాయి. ఊపిరి బయటికి వచ్చింది. మాట రాలేదు. మత్తు వల్ల అనుకున్నాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

డాక్టరమ్మ గొంతులోకి గొట్టం దింపి చూసింది. "మాట రావాలంటే లోపల రెండు వైపులా కదలాలమ్మా. మీకు ఒక వైపు కదలడం లేదు. నెలల మీద తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు. గడ్డలో క్యాన్సర్ లేదు. అది చాలా మంచి కబురు" అంది.

మా ఆయన రెండు చేతులూ జోడించి దేవునికి దండం పెట్టాడు. అమ్మ ఫోన్లో ఏడ్చి స్తోత్రం చెప్పింది. బతికి బయటపడ్డానని నాకూ తెలుసు. అయినా నా లోపల సంతోషం ఎంత వెతికినా దొరకలేదు.

కంపెనీలో అంత కష్టం కాలేదు. ఆ మిషన్ల చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ సరిగా వినపడదు. ఏదైనా కావాలంటే చప్పట్లు కొట్టేదాన్ని, ఆడవాళ్లు తల తిప్పి చూసేవారు. కూరగాయలవాడు, ఆటోవాడు, ఫోను, వీటితోనే కష్టమైంది. ఇస్నాపూర్ చౌరస్తాలో కంపెనీ బస్సు కదిలిపోతుంటే ఆపమని అరవడానికి గొంతు లేక వెంట పరిగెత్తాను. చాలాసార్లు ఎవరో ఒకరు నన్ను చూసి నా బదులు కేక వేశారు.

అన్నిటికంటే కష్టమైంది ఆదివారం. సంఘమంతా నా కోసం ప్రార్థన చేసింది. వారం వారం నన్ను ముందు కూర్చోబెట్టి, తల మీద చేతులుంచి, గొంతు తిరిగి ఇమ్మని దేవుణ్ణి అడిగారు. ఆ చేతుల్లో ప్రేమ ఉంది, కాదనను. కానీ ప్రార్థన అయ్యాక అందరూ ఆగి నా నోటి వైపు చూసేవారు. నేను వందనాలు అందామని ప్రయత్నించేదాన్ని. గాలి వచ్చేది. వాళ్ల ముఖాలు చిన్నబోయేవి. వాళ్లకు నేను ఏదో బాకీ పడినట్టు అనిపించేది.

ఒక ఆదివారం, సంఘంలో అందరూ పెద్దమ్మ అని పిలిచే ఒకావిడ నన్ను పక్కకు తీసుకెళ్లింది.

"బిడ్డా, ఇంతమందిమి మొక్కుతున్నం. అయినా గొంతొస్తలేదంటే, లోపల ఏదో దాసుకున్నవు. అది దేవుని ముంగట ఒప్పుకో. గొంతు గదే వస్తది" అంది.

ఆవిడ కోపంగా అనలేదు. నా చెయ్యి నిమురుతూ అంది. అందుకే అది మరీ లోతుగా దిగింది.

ఇంటికి వచ్చి అన్నం వండలేదు. మా ఆయన మధ్యాహ్నం షిఫ్టుకు తయారవుతున్నాడు. నా ముఖం చూసి చెప్పులు విడిచి వచ్చి కూర్చున్నాడు. ఊపిరితోనే జరిగింది చెప్పాను. నేను మాట్లాడితే ఆయన చెవి నా నోటి దగ్గరికి తెచ్చేవాడు.

"నేను దాసింది ఏం లేదు" అన్నాను.

"నాకెర్కే."

"మరి ఎందుకు వస్తలేదు?"

"అది డాక్టరమ్మను అడగాలె. గొంతు రాకుంటె నువ్వు తప్పు జేసినట్టెట్లయితది? గా లెక్కన మా కంపెనీల మిషన్ల వడి చేతి యేళ్లు పోయినోళ్లందరు పాపం జేసినోళ్లేనా?" అన్నాడు. చెప్పులు తొడుక్కుంటూ మళ్లీ అన్నాడు: "నీ గొంతు సూసి పిలిచిండా దేవుడు నిన్ను? నన్నయితే గొంతు సూసి పిలవలే."

ఆ మాటకు అప్పుడు నవ్వు రాలేదు. తర్వాత చాలాసార్లు వచ్చింది.

కొన్ని ఆదివారాలు నేను మందిరానికి వెళ్లలేదు. మా గది అక్కడికి దగ్గరే. కీబోర్డు నేర్చిన ఒక యువకుడు నా బదులు పాటలు నడిపించేవాడు. గిన్నెలు తోముతూ వినేదాన్ని. తోముతున్నవి పక్కకు నెట్టేసి ఏడ్చిన రోజులూ ఉన్నాయి.

అయితే ఆ రోజుల్లోనే ఒకటి జరిగింది. పొద్దున కంపెనీ బస్సు కోసం చౌరస్తాలో నిలబడినప్పుడు, లారీలు దుమ్ము లేపుకుంటూ పోతుంటే, నేను లోపల దేవునితో గొడవ పడేదాన్ని. ఎందుకు తీసుకున్నావు? దానితో నేను నీ పనే కదా చేస్తున్నాను? వేరే ఏదైనా తీసుకోవలసింది. ఇవే మాటలు రోజూ. ఒక పొద్దున అవే అంటుండగా నాకు తట్టింది: గొంతు ఉన్న రోజుల్లో ఇంతసేపు, ఇంత సూటిగా నేను ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. అప్పటి నా ప్రార్థనలు బాగుండేవి, విన్నవాళ్లు మెచ్చుకునేవారు. ఈ ప్రార్థనలో మెచ్చుకోదగ్గ మాట ఒక్కటీ లేదు. కానీ కోపంతోనైనా నేను ఆయన దగ్గరే ఉన్నాను. విడిచి పోలేదు. ఆయన కూడా పోలేదనిపించింది. జవాబు రాలేదు. బస్సు వచ్చింది. సీట్లో కూర్చుని నిర్ణయించుకున్నాను: గొంతు వచ్చినా రాకున్నా ఈ ఆదివారం నుంచి మందిరంలో నా చోట నేను కూర్చుంటాను.

వెళ్లాను. ముందు వరుసలో కూర్చున్నాను. పాస్టర్ గారికి మా ఆయన చేత, ఇక నా గొంతు కోసం అందరి ముందు ప్రార్థించవద్దని, ఇంట్లో చేసుకుంటే చాలని చెప్పించాను. ఆయన సరేనన్నారు. పాట మొదలైంది. అందరితో పాటు లేచి పెదాలు కదిపాను. అప్పుడు విన్నాను.

అన్నేళ్లుగా నేను ఆ సంఘం పాటను వినలేదు. నా గొంతు అందరినీ కప్పేసేది. అది పోయాక దాని దిగులే కప్పేసింది. ఇప్పుడు ఒక్కొక్కరూ విడివిడిగా వినపడ్డారు. నా వెనక ఒక ముసలాయన రాగంతో సంబంధం లేకుండా, మాటలు మాత్రం ఒక్కటీ తప్పకుండా పాడుతున్నాడు. ఇటుక బట్టీలో పనిచేసే ఒకామె చరణం మధ్యలో దగ్గు వచ్చి ఆగి, దగ్గి, వదిలిన చోటి నుంచే మళ్లీ అందుకుంటోంది. పిల్లలు పల్లవి మాత్రమే అరుస్తున్నారు. అందంగా ఏమీ లేదు. కానీ ఆ ఎగుడుదిగుడు పాట మధ్య నిలబడితే నాకు కడుపు నిండినట్టు అయింది. ఆపరేషన్ తర్వాత నాకు సంతోషం కలగడం అదే మొదటిసారి. ఆ సంతోషం నా పాట వల్ల వచ్చింది కాదు. వాళ్ల పాట వల్ల వచ్చింది.

మా కిరాయి గదుల వరుసలో మా పక్క గదిలో ఒడిశా నుంచి వచ్చిన భార్యాభర్తలు ఉండేవారు. అతను ఇనుప కడ్డీలు చేసే మిల్లులో పని. ఆమెకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. వాళ్ల తలుపు మీద కాగితం సిలువ ఒకటి అంటించి ఉండేది. మనవాళ్లేనని తెలుసు కానీ తెలుగు రాదని వాళ్లు ఏ చర్చికీ వచ్చేవారు కారు. ఆమె, నేను సాయంత్రాలు గడప మీద కూర్చుని బియ్యం ఏరుకునేవాళ్లం. నాకు గొంతు లేదు, ఆమెకు తెలుగు లేదు. ఇద్దరికీ సరిగ్గా కుదిరింది. నన్ను దీదీ అనేది. బిడ్డ తన్నినప్పుడు నా చెయ్యి పట్టి తన కడుపు మీద పెట్టుకునేది.

ఒకరోజు నేను పొద్దుటి షిఫ్టు దిగి మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి, ఆమె భర్త ఒక్కడే గడప మీద కూర్చుని ఉన్నాడు. అతని ఒళ్లో తెల్లటి బట్టలో చుట్టిన చిన్న మూట ఉంది. ఆమెకు అంతకుముందు రోజు నొప్పులు వస్తే సర్కారు దవాఖానకు తీసుకెళ్లాడు. ఆడపిల్ల. కడుపులోనే ప్రాణం పోయిందట. తల్లి ఇంకా దవాఖానలోనే ఉంది. బిడ్డను అతని చేతికిచ్చి పంపారు.

అతను నా వైపు చూసి, "దీదీ, మిట్టీ కహాఁ దూఁ?" అన్నాడు. ఎక్కడ పూడ్చాలి అని అడుగుతున్నాడు. ఊరు కాని ఊరిలో అతనికి ఒళ్లో ఉన్న బిడ్డను పెట్టడానికి జాగా తెలియదు.

మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. ఇద్దరం పాస్టర్ గారి దగ్గరికి వెళ్లాం. ఆయన సంఘ పెద్దను, మరికొందరిని మందిరానికి పిలిపించారు. మాకు ఊరి చివర ఒక చిన్న సమాధుల తోట ఉంది. చుట్టూ ప్లాట్లు వచ్చి, ఇప్పుడు నాలుగు గోడల మధ్య ఇరుకైపోయింది. దాని బాధ్యత సంఘ పెద్దది. ఆయన చెడ్డవాడు కాదు. ఆ తోట గోడ కట్టించడానికి ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆయనే.

"బాధనే, కాదంటలేను" అన్నాడాయన. "కని జాగ శానా తక్కువున్నది. మన సంఘంల లేనోళ్లకు ఇస్తే రేపు అందరొచ్చి అడుగుతరు. మనోళ్లకు ఏడ వెడ్తం? వేరే ఏడన్న సూడుమని చెప్పుండ్రి."

మిగిలినవాళ్లు నేల చూశారు. నేను లేచి నిలబడ్డాను. నేను మాట్లాడబోతున్నానని తెలిసి మా ఆయన లేచి వెళ్లి ఫ్యాను బంద్ చేశాడు. అందరూ ముందుకు వంగారు.

"పెద్దయ్యా" అన్నాను. ఊపిరి అందక మధ్య మధ్య ఆగవలసి వచ్చింది. "నేను సచ్చినంక నాకు గా తోటల ఇంత జాగ ఇస్తరు గదా. గది ఇప్పుడే ఇయ్యండి. అండ్ల గా పిల్లను పెడ్దాం. నన్ను తర్వాత ఏడన్న పెట్టుండ్రి."

నేను కూర్చోలేదు. వద్దంటే మళ్లీ అడుగుదామనే నిలబడ్డాను. ఆ మందిరంలో ఎన్నో ఏళ్లు గొంతెత్తి పాడాను కానీ, అక్కడివాళ్లు నా మాట అంత చెవులు రిక్కించి విన్నది ఆ రోజే.

సంఘ పెద్ద తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "గట్ల అనకు బిడ్డా. నీ జాగ నీకే ఉంటది" అని లేచాడు. "నేను పోయి గడ్డపార తెస్త. పొద్దు గూకకముందే అయిపోవాలె."

ఆయనే తవ్వాడు. మా ఆయన మట్టి ఎత్తిపోశాడు. పాస్టర్ గారు తెలుగులో ప్రార్థన చేశారు. ఆ తండ్రికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమేన్ దగ్గర మాత్రం తనూ ఆమేన్ అన్నాడు. బిడ్డను దించాక అతను గుంత అంచున మోకాళ్ల మీద కూర్చుని, తనలో తాను ఏదో పాడటం మొదలుపెట్టాడు. మాటలు ఒడియాలో ఉన్నాయి. రాగం నాకు తెలుసు. మా పల్లె చర్చిలో, ఇక్కడి మందిరంలో, ఎన్ని మరణాల దగ్గర పాడానో ఆ రాగం. మా భాషలో దానికి వేరే మాటలున్నాయి.

అతని గొంతు రెండో పంక్తిలో తెగిపోయింది. అందరూ ఊరికే నిలబడి ఉన్నారు. పాట ఎత్తుకోవలసింది నేను, నాకు గొంతు లేదు. నా చెయ్యి లేచింది. అనుకుని చేసింది కాదు. చెయ్యెత్తి, తాళం వేస్తూ, మా ఆయన ముఖంలోకి చూశాను. ఎన్నడూ నోరు విప్పని మనిషి, శ్రుతి ఏమాత్రం లేని గొంతుతో, మా తెలుగు మాటలతో ఆ పాట అందుకున్నాడు. సంఘ పెద్ద కలిశాడు. పాస్టర్ గారు కలిశారు. ఆ తండ్రి తలెత్తి చూశాడు. అదే రాగం అని గుర్తుపట్టి, మళ్లీ తన భాషలో పాడాడు. ఒక పాటే, రెండు భాషల్లో, ఆ చిన్న గుంత పక్కన చివరిదాకా సాగింది. నా చెయ్యి ఆగితే అది ఆగిపోతుందేమోనని భుజం గుంజుతున్నా దించలేదు.

ఆ తల్లి ఇంటికి వచ్చాక ఆమెకు పాలు వచ్చాయి. తాగే బిడ్డ లేదు. నొప్పికి గోడకు ఒరిగి కూర్చునేది. మా అమ్మ నేర్పినట్టు ఛాతీకి బట్ట బిగించి కట్టాను. పక్కన కూర్చున్నాను. ఓదార్పు మాటలు చెప్పే గొంతు ఉంటే ఏవేవో చెప్పి ఉండేదాన్నేమో. లేదు కనుక కూర్చున్నాను, అంతే. షిఫ్టు దిగి రోజూ కూర్చున్నాను. కొన్నాళ్లకు ఆమె చేత్తో తాళం వేసి చూపించింది. ఆ రోజు తోటలో పాడిన పాట గురించి భర్త చెప్పినట్టుంది. నేను చెయ్యెత్తాను. ఆమె పాడింది. సగంలో ఏడ్చింది, ఏడుస్తూనే పూర్తి చేసింది.

కాస్త కోలుకున్నాక ఇద్దరూ మందిరానికి వచ్చారు. తర్వాతి వారాల్లో వాళ్ల ఊరివాళ్లు మరికొందరు వచ్చారు. మిల్లుల్లో, వెల్డింగ్ షెడ్లలో పనిచేసేవాళ్లు, ఇన్నాళ్లూ మాకు పక్కనే ఉన్నవాళ్లు. ఒక ఆదివారం పాస్టర్ గారు నన్ను గద్దె మీదికి రమ్మన్నారు.

"గొంతు లేని నేను ముంగటికెందుకయ్యగారూ?" అన్నాను.

"చెల్లెమ్మా, గొంతులు మా దగ్గరున్నయి. నువ్వు చెయ్యెత్తు, మేం పాడ్తం" అన్నారు.

ఎక్కాను. సగం మందికి తెలుగు మాటలు, సగం మందికి ఒడియా మాటలు. ఎవరు ఎప్పుడు అందుకోవాలో చేతితో చూపించాను. మొదటిసారి గందరగోళమైంది. పిల్లలు నవ్వారు. కీబోర్డు యువకుడు తాళం కోసం నా చేతినే చూస్తూ వాయించాడు. రెండోసారి కుదిరింది. ఆ పాట గోడల్ని నెట్టుకుంటూ వెళ్తుంటే నా రెండు చేతులూ గాలిలో ఉన్నాయి, ముఖమంతా తడిసిపోయింది. దుఃఖం పోయిందని కాదు. బిడ్డ పోయిన ఆ తల్లి నా ఎదురుగానే ఉంది, నా గొంతు ఇంకా రాలేదు. ఆ రెండు దుఃఖాలూ ఉండగానే సంతోషం వచ్చి నిలబడింది.

ఏడాది దాటాక మాట కొంత తిరిగి వచ్చింది. ఇప్పుడు బొంగురు గొంతుతో మాట్లాడగలను. బస్సును ఆపగలను. పాట మాత్రం రాలేదు. పై స్వరం ఎత్తితే గొంతు అక్కడే తెగిపోతుంది. వస్తుందని ఇక ఎదురుచూడటం లేదు. ఎదురుచూడకపోవడం ఓడిపోవడం కాదని తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. పెద్దమ్మ ఆ రోజన్న మాటను వెనక్కి తీసుకోలేదు. నేను అడగనూ లేదు. మేమిద్దరం ఒకే వరుసలో కూర్చుంటాం.

ఈ మధ్య పాస్టర్ గారు శ్రమల గురించి వాక్యం చెప్పి, నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. నాకు తెలిసినంత చెప్పాను.

"నాకు పాఠం నేర్పనీకె దేవుడు నా గొంతు తీసిండని నేననను. గా నరం ఎందుకు సచ్చువడ్డదో నాకు తెల్వదు. సచ్చువడ్డంక ఆయన నన్ను ఇడిసిపెట్టలే. గదొక్కటే నాకెర్క. గది సాలు, నేను లేసి నిలబడనీకె."

పక్క గదివాళ్లు ఇప్పుడు కిష్టారెడ్డిపేటలో కట్టే ఒక అపార్ట్‌మెంట్ దగ్గర పనికి కుదిరి అక్కడే ఉంటున్నారు. వీలైన ఆదివారాలు ఆటో పట్టుకుని వస్తారు. వాళ్లు ఖాళీ చేసిన గదిలోకి మొన్న జార్ఖండ్ నుంచి ఒక కుటుంబం దిగింది. మంచం, బకెట్లు ఇంకా బయటే ఉన్నాయి. ఆమె ముఖం చూస్తే ఎవరితోనూ మాట్లాడక చాలా రోజులైనట్టుంది. రేపు పొద్దుటి షిఫ్టు. దిగి వచ్చాక చాయ్ పెట్టుకుని ఆ గడప దగ్గరికి వెళ్తాను.